రెండు వేళ్ళతో వేసే తలుపు

మా సంబంధం ఖాయమైనప్పుడే మా మేనత్త ఓ మాట చెవిన వేసింది. "పిల్లాడు బంగారమే దుర్గా, కోపం మాత్రం ముక్కు మీదుంటుంది" అని. ముక్కు మీద కోపమే కదా, తుమ్మితే పోతుందిలే అనుకున్నాను. పదకొండేళ్ళయింది. మా ఆయన చాలా తుమ్ములు తుమ్మారు గానీ కోపం ఎక్కడికీ పోలేదు.

ఆయన పేరు గణపతి. పుట్టింది హంసలదీవి దగ్గర, చేపల వేట మీద బతికే ఇంట్లో. బందరు వచ్చి చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది పై ఊళ్ళకు పంపే వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది విన్నవాళ్ళంతా ఆయన మీద విరుచుకుపడతారు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం అసలే లేదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చుని కాళ్ళు పడతారు. కోపం వస్తే మాత్రం ముందు గొంతు లేస్తుంది, తర్వాత మనిషి లేస్తాడు. కేకలు అయిపోయిన మరుక్షణం ఆయనకు ఏదీ గుర్తుండదు. గుర్తుండేది మాకే.

తొంభై తొమ్మిదిలో కారు కొన్నాం. పాత మారుతి. తెల్లది, ఏసీ ఉన్నది. బేరం కుదిర్చింది గుడివాడలో కొండలరావు అనే మెకానిక్. డబ్బు ఇచ్చి కారు తెచ్చుకోవడానికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. షెడ్డులో గోడకు ఆనించి రంగు గీకేసిన తలుపులు ఉన్నాయి. వాటిలో ఒకటి దారికి అడ్డంగా ఉంటే మా ఆయన పక్కకు జరుపుదామని పట్టుకున్నారు. అది జరగలేదు. రెండో చెయ్యి కూడా వేశారు. మెడ నరాలు ఉబ్బాయి.

"అంబాసిడర్ తలుపండీ అది" అన్నాడు కొండలరావు నవ్వుతూ. "ఒక్కళ్ళు ఎత్తితే నడుం పట్టేసుద్ది. వెయ్యాలన్నా అంతే, లాగి కొడితేనే పడుద్ది. ఇదుగో, మారుతి తలుపు చూడండి. అమ్మగారు కూడా ఎత్తగలరు."

ఎత్తాను. రెండు చేతులకూ తేలిగ్గానే వచ్చింది. మా ఆయన నన్ను చూసి, ఆ అంబాసిడర్ తలుపును చూసి, ఏదో తేడా గ్రహించినవాడిలా తల ఆడించారు. కొండలరావు మా కారు దగ్గరకు తీసుకెళ్ళి తలుపు బార్లా తెరిచి, చూపుడువేలు, మధ్యవేలు కలిపి చిన్నగా తోశాడు. టక్ మని పడింది.

"రెండేళ్ళు చాలండీ దీనికి. బలం చూపించక్కర్లేదు" అన్నాడు.

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు! తనూ తెరిచి తోశారు. టక్. మళ్ళీ తెరిచారు. టక్. నాలుగు తలుపులకూ అలాగే చేసి, ఇక వెళ్దామని స్టీరింగు ముందు కూర్చున్నారు. కొండలరావు నా వైపు కిటికీ దగ్గరకు వచ్చి ఇంకో మాట అన్నాడు.

"కాకపోతే ఒకటండీ. ఏసీ వేసుకుని అద్దాలన్నీ ఎత్తేసినప్పుడు మాత్రం ఆఖర్న వేసే తలుపు కాస్త గట్టిగా వెయ్యాలి. లోపల గాలి పోడానికి సందుండదు కదా, తలుపుని ఎదురు తోసుద్ది. సగం పట్టి ఆగిపోద్ది. చూడ్డానికి పడినట్టే ఉంటది."

మా ఆయన టేపురికార్డరు మీటలు నొక్కి చూసుకుంటున్నారు. 'గట్టిగా' అన్న ఆ మాట ఆయన చెవికి ఎక్కలేదు. నా చెవికి ఎక్కింది. కారు ఆయనది, మధ్యలో నాకెందుకులే అనుకున్నాను.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో రెండు వేళ్ళ చట్టం అమల్లోకి వచ్చింది. కారెక్కిన ప్రతివాళ్ళకూ దిగే ముందు పాఠం. "ఇదిగో, ఇట్టా. రెండేళ్ళు. అంతే." ఎవరైనా మరిచిపోయి ధడేలున వేశారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. అప్పటిదాకా అందరూ అంబాసిడర్ టాక్సీలకు, జీపులకు అలవాటు పడినవాళ్ళు. తలుపంటే బలమంతా పెట్టి వెయ్యాలనే తెలుసు. మా నాన్న కూడా అలాగే వేసి చెయ్యి దులుపుకుని వెళ్ళిపోతుంటే, సగం వీధి దాటాక వెనక్కి పిలిచి మళ్ళీ వేయించారు. ఆ తర్వాత మా నాన్న మా ఇంటికి ఎప్పుడొచ్చినా రిక్షాలోనే వచ్చారు. ఇదంతా చెప్పుకుని మా పుట్టింట్లో కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. నవ్వుకోవడానికి బాగానే ఉండేది.

మాణిక్యం వదిన విషయంలో మాత్రం నవ్వు రాలేదు.

ఆవిడ మా ఆయన అక్క. పన్నెండేళ్ళు పెద్ద. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ను చంకనేసుకుని పెంచింది. ఆవిడ భర్త వెంకటాద్రి అన్నయ్య వేటకు వెళ్తారు, ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ దాకా వెళ్ళి చేపలు అమ్ముకొస్తుంది. కోడూరుకు, అవనిగడ్డకు మధ్య తిరిగే జీపుల సంగతి ఆ పక్కవాళ్ళకు చెప్పక్కర్లేదు. తలుపుంటే గడియ ఉండదు, గడియుంటే తలుపుండదు. అంచున కూర్చున్న మనిషే తలుపు పట్టుకోవాలి. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అది అంచువాళ్ళ పని.

కారు కొన్న వారానికే అక్కకు చూపించాలని హంసలదీవి తీసుకెళ్ళారు. ఆవిడ సంబరం చెప్పలేను. కారుకు హారతిచ్చింది, బానెట్టు మీద పసుపు కుంకుమ పెట్టింది, వాళ్ళ వాడంతటినీ పిలిచింది. తమ్ముడి కారులో సాగర సంగమం దాకా వెళ్ళి వచ్చింది. దిగి, అందరూ చూస్తుండగా, తలుపు పట్టుకుని జీపు తలుపు వేసినట్టు ఒక్కటి వేసింది. రోజూ తట్ట మోసే చెయ్యి కదా, కారు మొత్తం ఊగింది. లోపల అతికించిన స్వామివారి బొమ్మ ఊడి కిందపడింది.

"బుద్దుందా అక్కా నీకు? ఇదేమన్నా చేపల జీపనుకున్నావా? తలుపు ఊడొస్తే నువ్వు కొనిస్తావా?"

వాడంతా నిలబడి చూస్తోంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రెండు వేళ్ళతో ఎలా వెయ్యాలో చూపించి, ఆవిడ చేత మూడుసార్లు వేయించారు. అక్షరాలు దిద్దుకునే పిల్లలా నాలుక బయటపెట్టి, భయం భయంగా, రెండు వేళ్ళు కలిపి తోసింది వదిన. ఎవరో నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు నేను దగ్గర్నుంచి చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా అందరి ముందూ మొగుణ్ణి ఏమంటాను?

తర్వాత రెండేళ్ళు ఆవిడ బందరు గడప తొక్కలేదు. పిలిచినప్పుడల్లా ఒక వంక. మీ బావకు ఒంట్లో బాగోలేదు, వలలు బాగుచెయ్యాలి, గేదె ఈనింది. "అక్క ఎందుకు రావట్లేదే?" అని మా ఆయన అమాయకంగా నన్నడిగేవారు. చెప్పానుగా, ఆయనకు గుర్తుండదు.

ఇలా ఉండగా బందరులో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. కొత్త పొయ్యి మీద ఆడపడుచు పాలు పొంగించాలి. ఈయనకు ఉన్నది ఒక్కతే అక్క. ఫోను చేయిస్తే కోడూరు నుంచి కబురొచ్చింది, వీలు చూసుకుంటానని. వీలు చూసుకోవడం అంటే రాననే. నేను మొదటిసారి మొండికేశాను.

"ఆవిడ చేత్తో పాలు పొంగకపోతే ఆ ఇంట్లో నేను కాలు పెట్టను. మనమే వెళ్ళి తీసుకురావాలి."

ఆయన ఆశ్చర్యంగా చూసి, "ఎల్దాం, దానికేం" అన్నారు. నిజం చెప్పొద్దూ, పాల కోసం కాదు నా పంతం. అక్కాతమ్ముళ్ళ మధ్య ఆ రోజు పడ్డ ముడి విడిపోవాలని. మళ్ళీ ఆవిడ మా ఇంటికి నోరారా కబుర్లు చెబుతూ రావాలని.

ముహూర్తానికి ముందు రోజు పొద్దున్నే బయల్దేరాం. ఆరేళ్ళ మా తేజస్విని కూడా వచ్చింది. వదిన కాసేపు బెట్టు చేసింది. తేజస్విని మెడ పట్టుకు వేలాడేసరికి, "నీ కోసం వస్తున్నానే తల్లీ, ఇంకెవరి కోసం కాదు" అంటూ లేచింది. కొత్త చీర కట్టింది. శుభకార్యం కదా అని చేతినిండా ఆకుపచ్చ గాజులు వేసుకుంది. వెంకటాద్రి అన్నయ్య వల మీంచి తలెత్తి, "రేపు సాయంత్రం నేనూ వస్తాలే బావా" అన్నారు. అంతా సవ్యంగానే ఉంది. మా ఆయన ఎంత హుషారుగా ఉన్నారంటే, వదిన తెచ్చిన ఎండుచేపల సంచి వాసనను కూడా ఏమనలేదు, డిక్కీలో పెట్టించి ఊరుకున్నారు.

"అక్కా, ఇయ్యాల నీకు ఏసీ చూపిస్తా. అద్దాలన్నీ ఎత్తించేశా" అన్నారు.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. తేజస్విని వెనక. వదిన వాడలో అందరికీ చెప్పి ఆఖర్న వచ్చి నా వెనకే ఎడమవైపు ఎక్కింది. తేజస్వినిని ఒళ్ళోకి తీసుకుంది. తలుపును రెండు వేళ్ళతో పట్టి, సుతారంగా లాక్కుంది. టక్ మని చిన్న చప్పుడు.

మా ఆయన అద్దంలోంచి చూసి, "శభాష్ అక్కా! గుర్తుందే!" అన్నారు.

మాస్టారు మెచ్చుకున్నట్టు వదిన ముఖం వెలిగింది. నా ప్రాణం కుదుటపడింది. ముడి విడిపోయిందనుకున్నాను. గుడివాడ షెడ్డులో విన్న మాట ఆ నిమిషాన నాకు గుర్తు రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కోడూరు దాటాక రోడ్డు సంగతి తెలిసిందే. ఒక పెద్ద గుంటలో కారు పడి లేచింది. వెనకనుంచి "అమ్మో!" అని వదిన కేక. సీటు వెనక ఏదో తన్నుకున్నట్టయింది.

"ఏంటి వదినా?"

వెనక సీట్లో ఏదో అలికిడి. తర్వాత, "ఏం లేదు దుర్గా. గుంట" అంది.

"అత్తా..." అని తేజస్విని ఏదో అనబోయింది. "ష్" అంది వదిన. పిల్లను నిద్రపుచ్చుతోందేమో అనుకున్నాను.

అప్పటినుంచీ నా చెవి వెనక సన్నగా ఈల మొదలైంది. గాలి ఈల. కారు వేగం పెరిగితే పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. ఆపమని చెబుదామా అనుకున్నాను. అంతకు నెల క్రితమే, చక్రంలోంచి ఏదో చప్పుడొస్తోందండీ అన్నందుకు, "నువ్వేమన్నా మెకానిక్కువా? కూర్చుంటే కూర్చో, లేపోతే దిగి నడు" అని నడిరోడ్డు మీద కారాపేశారు. ఇవాళ ఆయన కూనిరాగాలు తీస్తున్నారు. వదిన రెండేళ్ళ తర్వాత ఈ కారెక్కింది. ఈల కోసం ఇదంతా పాడుచేసుకుంటానా? చెయ్యి చాపి టేపురికార్డరు సౌండు పెంచాను. ఈల వినపడటం మానేసింది.

"ఇదేంటి, ఏసీ చల్లగా రావట్లేదు?" అని ఆయన గొణిగారు. మీట తిప్పారు, గాలొచ్చే చోట అరచేత్తో కొట్టారు. "గ్యాసైపోయిందేమో. ఆ కొండలరావుని రేపు ఫోన్లో దులిపేస్తా."

అవనిగడ్డ దాటి పులిగడ్డ అక్విడక్టు వంతెన దగ్గరకొచ్చేసరికి ఎదురుగా ధాన్యం లారీ. ఇరుకు దారి. ఆయన చప్పున ఎడమకు కోసి, మళ్ళీ కుడికి తిప్పి, బూతులు తిట్టుకుంటూ తప్పించారు. ఆ తిప్పులో వెనక గాజులు చిట్లిన చప్పుడైంది. వదిన గట్టిగా ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. తిరిగి చూద్దామంటే నా సీటు వెనకే ఉందాయె, భుజం తప్ప కనపడదు.

"గాజులు తగిలాయా వదినా?"

"ఆఁ. రెండు పోయాయిలే."

శుభమా అని వస్తూ గాజులు చిట్లాయేమిటని నాకు మనసులో పీకింది.

చల్లపల్లిలో పూలు, తమలపాకులు కొనడానికి ఆపాం. ఆయన దిగి వెళ్ళారు. నేనూ దిగి వెనక అద్దం దగ్గరకు వెళ్ళాను. వదిన ముఖం పాలిపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి. కుడిచేత్తో తేజస్వినిని పక్కకు నెట్టి, సీటుకు అదిమి పట్టుకుంది. ఎడమచెయ్యి కొంగు కింద ఉంది. పిల్ల నోరు మెదపడం లేదు. కారెక్కితే నోరు మూయని పిల్ల.

"దిగు వదినా. ఓ సోడా తాగుదువు గాని."

"వద్దమ్మా. కడుపులో తిప్పుతోంది. కదిలితే వాంతొచ్చేట్టుంది. తొందరగా పోనిమ్మను."

కారు పడలేదు కాబోలు అనుకున్నాను. తలుపు మీద చెయ్యి వేసి ఉంటే తెలిసేది. వెయ్యలేదు. పూల పొట్లం ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాను.

బందరు చేరేసరికి మధ్యాహ్నం. కొత్తింటి గుమ్మానికి పనివాళ్ళు మామిడి తోరణాలు కడుతున్నారు. ఆయన కారాపి, దిగి, చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చారు. నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరికీ తలుపు తీసి ఎరగని మనిషి. అక్క కోసం తీయబోయారు.

"రా అక్కా, మన ఇల్లు చూడు" అంటూ చెయ్యి వేశారు.

మీట ఇంకా లాగనే లేదు. తలుపు దానంతట అదే వచ్చేసింది. తలుపుతోపాటు వదిన కూడా వచ్చేసింది. ఎడమచెయ్యి తలుపు లోపలి పిడికి అతుక్కుపోయి ఉంది. ఆ చేతిని పట్టుకుని ఎవరో ఈడ్చినట్టు బయటికి ఒరిగి ఆయన మీద పడింది. అప్పుడు అరిచింది. ఆ అరుపుకు తోరణాలు కడుతున్నవాళ్ళు నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చారు.

కొంగు జారిపోయింది. మణికట్టు బయటపడింది. మోచేతి దాకా వాచి నల్లబడింది. గాజు పెంకులు చర్మంలో గుచ్చుకుని ఉన్నాయి. రక్తం ఎండి, మళ్ళీ కారి, కొత్త చీర ఒళ్ళంతా మరక. డజను గాజుల్లో రెండు మిగిలాయి. చిట్లిన ముక్కలు ఎవరికీ కనపడకుండా ఒళ్ళో మూటగట్టుకుంది. వేళ్ళు పిడిని వదలడం లేదు. వదులుదామని తనే ప్రయత్నిస్తోంది, అవి విచ్చుకోవడం లేదు.

మా ఆయన అక్కను రెండు చేతులా పొదివి పట్టుకున్నారు.

"ఏంటక్కా ఇది? ఏమైంది?"

వదిన ఆయన ముఖంలోకి చూసింది. ఏడుస్తోంది. అంత నొప్పిలో ఆవిడ మొదట అన్న మాట ఇది:

"గట్టిగా వెయ్యలేదురా గణపతీ. ఒట్టు. రెండేళ్ళతోనే వేశాను."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అక్క వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో వేలికీ ఆవిడ మూలిగింది. విప్పుతూనే అడిగారు.

"తలుపు ఎప్పుడు తెరుచుకుంది?"

"కోడూరు దాటాక. ఆ గుంటలో."

"కోడూరా!"

కోడూరు ఎక్కడ, బందరు ఎక్కడ. ఎన్ని మలుపులు, ఎన్ని లారీలు. మలుపు తిరిగినప్పుడల్లా ఆ తలుపు బరువంతా ఆ ఒంటిచేతి మీదే పడి ఉంటుంది. రెండు వేళ్ళతో తోసే తలుపే. బయటికి ఊగితే ఎంత లాగుతుందో ఆ చెయ్యి చూస్తే తెలుస్తోంది.

"ఆపమని ఒక్క మాట అనొచ్చుగా అక్కా! చల్లపల్లిలో ఆపాను కదా!"

"అప్పుడూ వేసి చూశా. మళ్ళీ రెండేళ్ళతోనే. అక్కడికే వచ్చి ఆగింది. గట్టిగా వేస్తే..." అని ఆగిపోయింది. తర్వాత, ఆయన్ను ఊరుకోబెడుతున్నట్టు, "పోనీలేరా. అంచున కూర్చుంది నేనే కదా. పట్టుకోవాల్సింది నేనే కదా" అంది.

ఆయన తల వంచుకున్నారు. అప్పుడు తేజస్విని కారు లోపలినుంచి అంది.

"నేను పడబోయాను నాన్నా."

"ఏంటి?"

"గుంటలో తలుపు తెరుచుకుంది. అత్త ఒళ్ళోంచి జారాను. కాలు బయటికి పోయింది. అత్త జుట్టు పట్టుకుని లాగింది."

నేను పిల్ల కాళ్ళు చూశాను. ఒక కాలికి చెప్పుంది. రెండో కాలు ఉత్తది. పొద్దున ఆ చెప్పులు తొడిగింది నేనే. చల్లపల్లిలో అద్దంలోంచి చూసింది నేనే. కాళ్ళ దాకా చూడలేదు. ఆ ఉత్త కాలు చేతుల్లోకి తీసుకున్నాను. ఆ రోడ్డు మీద మా వెనకాలే బస్సు వస్తూ ఉండింది. నేనే అద్దంలో చూశాను.

మా ఆయన పిల్ల వైపు తిరిగి అడిగారు. "మరి నువ్వు చెప్పలేదేంట్రా బంగారం?"

తేజస్విని అత్త వైపు చూసింది, నా వైపు చూసింది. ఆయనకు అందకుండా నా వెనక్కి జరిగి అప్పుడు చెప్పింది.

"నువ్వు తిడతావని."

పనివాళ్ళలో ఒకాయన ఆటో పిలుచుకొచ్చాడు. కారు తలుపు తెరిచి ఉండగానే వదిలేసి అందరం ఆటోలో డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఎముక విరగలేదు. భుజం కీలు జారింది, నరాలు బిగుసుకున్నాయి, మణికట్టుకు తొమ్మిది కుట్లు పడ్డాయి. లోపల కుట్లు వేస్తుంటే వదిన డాక్టరును అడగడం మాకు బయటికి వినపడింది. "రేపు మా తమ్ముడింట్లో పాలు పొంగించాలండీ. కుడిచేత్తో గిన్నె పెడితే చాలు కదండీ?"

మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. తేజస్విని నా ఒళ్ళో నిద్రపోయింది. మా ఆయన చొక్కా ముందంతా రక్తం మరకలు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. నా వైపు తిరగకుండా అడిగారు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"అంత దూరం తలుపు తెరుచుకునుంటే నీ వెనకే కదా దుర్గా. గాలి చప్పుడు కూడా వినపడలేదా నీకు?"

వినపడలేదని అనొచ్చు. పాటల గోలలో తెలియలేదని అంటే నమ్మేస్తారు కూడా. ఆయన చొక్కా మీద మరకలు చూస్తే అబద్ధం రాలేదు.

"వినపడింది" అన్నాను.

ఆయన చప్పున తల తిప్పి నన్ను చూశారు. కోపంగా కాదు. పెదాలు కదిలాయి. ఎందుకు చెప్పలేదని అడుగుతారనుకుని, జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

ఆయన అడగలేదు.